కాళ్ళ తిమ్మిర్లకు మెగ్నీషియం మాత్రలు: నరాలకు దాని అవసరం నిజంగా ఎంత?

ప్రశ్న – వైరా వాసి

అందరికీ నమస్కారం. మా అమ్మ వయసు 64. పదేళ్ళకు పైగా షుగరు ఉంది, దానికి మెట్‌ఫార్మిన్ వాడుతోంది. తెల్లవారగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర, ఆ తర్వాత పాంటోప్రజోల్ గ్యాస్ బిళ్ళ వేసుకోవడం ఎన్నో ఏళ్ళుగా అలవాటైపోయింది. ఆ గ్యాస్ బిళ్ళ ఎవరు రాశారో, ఎన్నాళ్ళకని రాశారో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఏడాదిగా రెండు పాదాల్లోనూ తిమ్మిర్లు వస్తున్నాయి, నేల మీద నడుస్తుంటే దూది మీద అడుగు వేస్తున్నట్టుందని అంటోంది. రాత్రిళ్ళు పిక్కలు పట్టేసి లేచి కూర్చుంటుంది. ఈ మధ్య ఎడమ కనురెప్ప కూడా అదురుతోంది. ఆడవాళ్ళకు ఎడమ కన్ను అదిరితే మంచిదేనని పక్కింటావిడ చెప్పినా, ఇన్ని రోజులు అదురుతుంటే మాకు బెంగగానే ఉంది.

డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు సెలవులకు వస్తూ రెండు మెగ్నీషియం సీసాలు తెచ్చాడు. ఒకదాని మీద ఆక్సైడ్ 500 మిల్లీగ్రాములు అనీ, రెండోదాని మీద బిస్‌గ్లైసినేట్ అనీ ఉంది. అక్కడ అందరూ నరాల కోసం, నిద్ర కోసం ఇదే వాడుతున్నారట. నరాలకూ మెగ్నీషియానికీ ఉన్న సంబంధం ఏమిటో, అది ఒంట్లో తగ్గిందీ లేనిదీ రక్తపరీక్షలో తెలుస్తుందో లేదో, ఈ సీసాలు మొదలుపెట్టవచ్చో లేదో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సమాధానం – నాడీ వైద్యుడు, గుంటూరు

వైరా వాసి గారూ, మీ తమ్ముడు విన్నదాంట్లో శాస్త్రం ఉంది. అయితే ఆ శాస్త్రం మీ అమ్మగారి పాదాలకు ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే ప్రశ్న కాబట్టి రెంటినీ విడివిడిగా చెబుతాను.

పెద్దవారి శరీరంలో మొత్తం మీద సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది. అందులో సగానికి పైగా ఎముకల్లోనూ, మిగిలినదాంట్లో చాలా భాగం కండరాల్లోనూ ఇతర కణాల్లోనూ ఉంటుంది. రక్తంలో తిరిగేది ఒక శాతం కూడా కాదు. నాడీకణాల మధ్య సంకేతాలు చేరవేసే రసాయనాల్లో గ్లూటమేట్ ముఖ్యమైనది. దాన్ని అందుకునే గ్రాహకాల్లో ఎన్‌ఎండీఏ అనే రకానికి నడిమధ్యన కాల్షియం లోపలికి వెళ్ళేందుకు ఒక సన్నని దారి ఉంటుంది. కణం విశ్రాంతిగా ఉన్నంతసేపూ ఆ దారిలో ఒక మెగ్నీషియం అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) ఇరుక్కుని ఉంటుంది కనుక గ్లూటమేట్ వచ్చి తగిలినా కాల్షియం లోపలికి పోదు. చుట్టుపక్కల నుంచి మరికొన్ని ప్రేరణలు కలిసి కణపు విద్యుత్ స్థితి తగినంత మారితేనే ఆ అయాన్ పక్కకు తొలగుతుంది. ఈ సంగతిని 1984లో పారిస్‌లో ఒక బృందం, అమెరికాలో మరొక బృందం విడివిడిగా కనుగొన్నాయి. అప్రధానమైన సందడికల్లా కణం స్పందించకుండా ఉండడం, నిజంగా బలమైన సంకేతం వచ్చినప్పుడు మాత్రం గట్టిగా స్పందించి దాన్ని గుర్తుంచుకోవడం అనే రెండు పనులూ ఈ ఏర్పాటు వల్లనే సాధ్యమవుతున్నాయి. ప్రయోగశాలలో ఎలుక మెదడులోని హిప్పోక్యాంపస్ నుంచి పల్చటి ముక్క తీసి, అది మునిగి ఉన్న ద్రవంలో నుంచి మెగ్నీషియాన్ని తీసేస్తే, మరే మందూ కలపకుండానే కాసేపటికి ఆ ముక్కలో మూర్ఛను పోలిన విద్యుత్ తరంగాలు వాటంతట అవే మొదలవుతాయి. మూర్ఛ మీద పరిశోధన చేసేవారు చాలా ఏళ్ళుగా వాడుతున్న పద్ధతి ఇది.

నరం కండరాన్ని కలిసే చోట కూడా దీనికి పని ఉంది. నరం కొసలోకి కాల్షియం ప్రవేశించినప్పుడే అసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనం విడుదలై కండరం బిగుస్తుంది. అక్కడ మెగ్నీషియం కాల్షియానికి పోటీగా నిలబడి ఆ విడుదలను హద్దులో ఉంచుతుంది. ఇక కణాలన్నింటికీ శక్తినిచ్చే ఏటీపీ ఒంటరిగా పనిచేయదు, మెగ్నీషియంతో జతకట్టి పనిచేస్తుంది. నరాల్లో సోడియం, పొటాషియం నిల్వలను సరిచేసే పంపులు ఆ జత మీదే ఆధారపడి ఉంటాయి.

అందువల్ల ఒంట్లో మెగ్నీషియం బాగా పడిపోయినప్పుడు కనిపించేవి చాలావరకు నరాలు అతిగా రెచ్చిపోయిన లక్షణాలే: చేతుల వణుకు, కండరాలు అదరడం, కొంకర్లు, కనుగుడ్లు వాటంతట అవి కదలడం, మరీ తగ్గితే ఫిట్స్. రక్తపోటు చూసే పట్టీని చేతికి కట్టి, పై రక్తపోటు అంకెను దాటేలా గాలి నింపి మూడు నిమిషాలు ఉంచితే, ఇలాంటి రోగుల్లో కొందరికి మణికట్టు వంగి, వేళ్ళు చాచుకునే ఒకదాని పక్కకు ఒకటి చేరి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోతుంది. దీన్ని ట్రూసో లక్షణం అంటారు. నిజానికి ఇది కాల్షియం తగ్గినప్పటి గుర్తు. అయితే మెగ్నీషియం బాగా తగ్గితే కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయక కాల్షియం కూడా పడిపోతుంది, మూత్రంలో పొటాషియం కూడా వృథాగా పోతుంది. కాల్షియం ఎక్కిస్తున్నా, పొటాషియం ఎక్కిస్తున్నా అంకెలు పైకి రావడం లేదంటే మెగ్నీషియం చూశారా అని పెద్ద డాక్టర్లు జూనియర్లను గద్దించేది ఇందుకే.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. రెండు పాదాల్లోనూ సమానంగా ఏడాదిగా తిమ్మిరి ఉండడం, అడుగు కింద నేల సరిగా తెలియకపోవడం స్పర్శ నరాలు మందగించిన లక్షణాలు. మెగ్నీషియం లోపంలో నరం రెచ్చిపోతుంది, ఇక్కడ నరం మొద్దుబారుతోంది. ఆమె వయసు, షుగరు, మెట్‌ఫార్మిన్, గ్యాస్ బిళ్ళ అన్నీ కలిపి చూస్తే నా అనుమానం మొదట షుగరు వల్ల నరాలు దెబ్బతినడం మీదికీ, దానితో సమానంగా బి12 లోపం మీదికీ పోతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే పేగుల్లో బి12 గ్రహింపు తగ్గుతుంది. కడుపులో ఆమ్లం తగ్గించే బిళ్ళ ఆహారంలోని బి12 విడివడకుండా చేస్తుంది. శాకాహారులైతే ముందే తక్కువగా ఉంటుంది. బి12 లోపాన్ని కనిపెట్టకుండా మెగ్నీషియంతో కాలక్షేపం చేస్తే వెన్నుపాములో స్పర్శను మోసే తంతువులు దెబ్బతింటాయి, అవి పూర్తిగా కోలుకుంటాయన్న హామీ ఉండదు.

కాబట్టి ముందుగా బి12, మూడు నెలల షుగరు సగటు, థైరాయిడ్, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), కాల్షియం, పొటాషియంలతో పాటు మెగ్నీషియం కూడా చేయించండి. మెగ్నీషియం సాధారణంగా డెసిలీటరుకు 1.7 నుంచి 2.2 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది, ల్యాబును బట్టి కొంచెం అటూఇటూ ఉండవచ్చు. రక్తంలో ఉండేది చాలా కొద్ది భాగం కనుక అంకె సరిగా ఉన్నంత మాత్రాన కణాల్లో లోటు లేదని గట్టిగా చెప్పలేం. కానీ అంకె తక్కువగా ఉంటే అది పట్టించుకోవలసిన మాటే. వణుకు, కొంకర్లు, ఫిట్స్ లాంటివి ఎక్కువగా 1.2 కంటే కిందికి దిగినప్పుడే కనిపిస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు 128 హెర్ట్జ్ శ్రుతిదండాన్ని (తడితే కంపించే లోహపు కడ్డీని) కాలి బొటనవేలి ఎముక మీద ఆనించి కంపనం తెలుస్తోందో లేదో చూడమనండి. అర నిమిషం పని, చాలా సంగతి చెబుతుంది.

గ్యాస్ బిళ్ళ గురించి మరొక మాట. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రబెప్రజోల్ కుటుంబానికి చెందిన మందులను ఎక్కువ కాలం, చాలావరకు ఏడాదికి పైగా వాడినవారిలో మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011 మార్చిలో హెచ్చరించింది. వారు పరిశీలించిన కేసుల్లో దాదాపు నాలుగో వంతు మందికి మెగ్నీషియం ఇచ్చినా అంకె పెరగలేదు, ఆ మందు ఆపాకే పెరిగింది. అందువల్ల మాత్ర జోడించే ముందు ఏ మాత్ర తీసేయవచ్చో ఆలోచించడం మంచిది. అయితే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. ఆమ్లం తిరగబడి మంట ఎక్కువవుతుంది. అదీగాక గతంలో కడుపులో పుండు ఉన్నవారికి, గుండెకు ఆస్పిరిన్ లాంటివి వాడేవారిలో కొందరికి అది నిజంగానే అవసరం. కనురెప్ప అదురు గురించి బెంగ వద్దు. నిద్రలేమి, అలసట, కాఫీ, టీ ఎక్కువవడం దానికి సర్వసాధారణ కారణాలు.

సమాధానం – ప్రసూతి వార్డు సిస్టర్

డాక్టరు గారు చెప్పిన ఆ గ్రాహకాల సంగతి నేను పుస్తకంలో చదివింది తక్కువ, మంచం పక్కన నిలబడి చూసింది ఎక్కువ. కాన్పు సమయంలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే జబ్బును మన పెద్దవాళ్ళు గుర్రపు వాతం అనేవారు. దానికి ఈనాటికీ మొదటి మందు మెగ్నీషియం సల్ఫేటే. ఒకప్పుడు అమెరికాలో దీన్నే వాడేవారు, బ్రిటన్‌లో డయాజిపామ్, ఫెనిటాయిన్ వైపు మొగ్గేవారు. ఫిట్స్ మందులుగా పేరున్న వాటిని వదిలి ఒక ఉప్పును నమ్మడమేమిటని వారి వాదన. ఫిట్స్ వచ్చిన 1,687 మంది తల్లులతో మన దేశం సహా పలు దేశాల్లో చేసిన పరీక్ష ఫలితాలు 1995లో వెలువడి ఆ తగవు తీర్చేశాయి. మళ్ళీ ఫిట్స్ రావడం డయాజిపామ్‌తో పోలిస్తే మెగ్నీషియంతో సగానికి సగం, ఫెనిటాయిన్‌తో పోలిస్తే మూడింట రెండు వంతులు తగ్గింది. బీపీ ఉండి ఇంకా ఫిట్స్ రానివారిలో ముందుగానే ఇస్తే ఫిట్స్ వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని పది వేల మందికి పైగా తల్లులతో చేసిన మ్యాగ్‌పై పరీక్ష 2002లో తేల్చింది. నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డ మెదడును కాపాడడానికి కూడా 32 వారాల లోపు కాన్పుల్లో తల్లికి దీన్ని ఇస్తున్నారు. బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాని లోపం) వచ్చే ముప్పు తగ్గుతుంది.

అంత గొప్ప మందును మేము ఎలా ఇస్తామో కూడా వినండి. యాభై శాతం ద్రావణం రెండు మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో ఒక గ్రాము ఉంటుంది. ప్రిచర్డ్ పద్ధతిలో మొదట నాలుగు గ్రాములు నెమ్మదిగా రక్తనాళంలోకి, ఆ వెంటనే రెండు పిరుదుల్లో చెరి ఐదు గ్రాములు లోతుగా ఇచ్చి, తర్వాత నాలుగు గంటలకొకసారి ఐదేసి గ్రాముల చొప్పున చివరి ఫిట్ లేదా కాన్పు జరిగిన 24 గంటల వరకు కొనసాగిస్తాం. రక్తనాళంలోకి ఎక్కుతున్నప్పుడు ఒళ్ళంతా వేడెక్కిపోతోందని దాదాపు ప్రతి తల్లీ అంటుంది. ప్రతి డోసుకూ ముందు సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టి కాలు ఎగురుతోందో లేదో చూస్తాం, ఊపిరి లెక్కపెడతాం, సంచిలో మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా వస్తోందో లేదో చూస్తాం. మోకాలు ఎగరకపోతే ఆ డోసు ఇవ్వం. మెగ్నీషియం ఎక్కువైతే ముందు ఆ ఎగరడం పోతుంది, ఇంకా ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్ ట్రేలో పెట్టుకోకుండా ఈ మందు మొదలుపెట్టకూడదన్నది మాకు నేర్పిన మొదటి పాఠం. మాత్రతో ఇంత ప్రమాదం ఉండదు గానీ, సహజమైన ఖనిజమే కదా ఏమవుతుందిలే అనేవారిని చూస్తే నాకు ఆ ట్రే గుర్తొస్తుంది.

సమాధానం – ఆస్టిన్ తెలుగువాడు

ఇక్కడ దుకాణాల్లో మెగ్నీషియానికి ఒక అరంతా కేటాయించి ఉంటుంది, ఊరికి వెళ్ళేటప్పుడు అమ్మానాన్నల కోసం ఏదో ఒకటి సంచిలో వేసుకోవడం మా అందరికీ అలవాటే. కాబట్టి మీ తమ్ముడిని నేను తప్పుపట్టలేను. కానీ సీసా మీద రాసిన ప్రతి మాటకూ ఒకే స్థాయి ఆధారం లేదు. పార్శ్వపు నొప్పి తరచుగా వచ్చేవారిలో అది రాకుండా చూడడానికి మెగ్నీషియం బహుశా పనిచేస్తుందని అమెరికా నాడీవైద్యుల సంఘం 2012 మార్గదర్శకాల్లో చెప్పింది. ఉన్నవాటిలో కాస్త నిలబడే వాదన ఇదే. పిక్కలు పట్టేయడానికి మాత్రం, పెద్ద వయసువారిలో చెప్పుకోదగ్గ ప్రయోజనం ఉండకపోవచ్చని కాక్రేన్ సమీక్ష (అందుబాటులో ఉన్న వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూకం వేసేది) 2012లోనూ, 2020లో తాజాపరిచినప్పుడూ తేల్చింది. విచిత్రమేమిటంటే జనం ఎక్కువగా కొనేది ఆ పిక్కల కోసమే.

దిగులుకు, కుంగుబాటుకు మంచిదనే ప్రచారం వెనుక 2017లో వెర్మాంట్‌లో 126 మందితో చేసిన పరీక్ష ఉంది. ఫలితం బాగానే కనిపించింది గానీ, మందు వేసుకుంటున్న వారికి తాము ఏం వేసుకుంటున్నామో తెలుసు, పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వలేదు. అలాంటప్పుడు ఎంత మెరుగుదల మాత్రది, ఎంత ఆశది అని విడదీయలేం. నిద్ర విషయంలో చేసినవి చిన్న చిన్న పరీక్షలు. అన్నిటికంటే ఖరీదైనది థ్రియోనేట్ అనే రకం. ఎలుకల మెదడులో మెగ్నీషియం పెంచి జ్ఞాపకశక్తిని మెరుగుపరిచిందని 2010లో వచ్చిన పరిశోధన దాని పునాది. మనుషుల్లో అంత గట్టి రుజువు ఇంకా రాలేదు. మెదడు చుట్టూ ఉండే ద్రవంలో మెగ్నీషియం రక్తంలో కంటే కొంచెం ఎక్కువగా, ఒక కట్టుదిట్టమైన హద్దులో ఉంటుంది. రక్తనాళం ద్వారా ఎక్కించినా అక్కడ పెరిగేది కొద్దిగానే. నోటి ద్వారా వేసుకున్న మాత్ర నేరుగా మెదడుకు పోయి కూర్చుంటుందన్నట్టుగా ప్రకటనలు చెప్పేదాన్ని ఈ వెలుగులో చూడాలి.

సమాధానం – పత్తి రైతు

మా చేలో పత్తి ఆకులు ఎర్రబడితే లీటరు నీటికి పది గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కొడతాం. బస్తా ఇంట్లోనే ఉంది. ఎప్సమ్ సాల్ట్ అంటే ఇదేనని మా అబ్బాయి అంటున్నాడు. వేడి నీళ్ళలో వేసి కాళ్ళు పెట్టుకుంటే నరాలకు మంచిదని ఫోన్లో చూశాను, నిజమేనా?

సమాధానం – ఫార్మసిస్టు, వరంగల్

రైతు గారూ, పదార్థం ఒకటే అయినా ఎరువుల దుకాణంలో అమ్మేది మనుషుల కోసం శుద్ధి చేసింది కాదు, పొరపాటున కూడా నోట్లో వేసుకోకండి. ఇక కాళ్ళు నానబెడితే చర్మం గుండా నరాలకు సరిపడా మెగ్నీషియం లోపలికి పోతుందనడానికి ఆధారం లేదు. హాయి కలిగితే అది వేడి నీళ్ళ చలవే. షుగరు ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవారు ఆ పని అసలే చేయకూడదు. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో పాదానికి తెలియక బొబ్బలెక్కి పుండ్లు పడ్డవారు మా కౌంటరుకు కట్టు సామాను కోసం వస్తూనే ఉంటారు. వైరా వాసి గారూ, ఈ మాట మీ అమ్మగారికీ వర్తిస్తుంది.

మీ దగ్గరున్న సీసాల గురించి చెబుతాను. ఆక్సైడ్ బరువులో అరవై శాతం మెగ్నీషియమే అయినా అది నీటిలో సరిగా కరగదు, పేగులు పీల్చుకునేది తక్కువ, మిగిలింది విరేచనాలు చేస్తుంది. సిట్రేట్‌లో సుమారు పదహారు శాతం, బిస్‌గ్లైసినేట్‌లో సుమారు పద్నాలుగు శాతమే అసలు మెగ్నీషియం ఉంటుంది గానీ గ్రహింపు మెరుగు. మన దగ్గర కొన్ని డబ్బాల మీద మొత్తం లవణం బరువును పెద్ద అక్షరాల్లో వేసి అసలు మెగ్నీషియం ఎంతో వెనుక చిన్నగా రాస్తారు కాబట్టి, వెయ్యి మిల్లీగ్రాముల బిస్‌గ్లైసినేట్ అంటే నిజానికి 140 దగ్గరే అని లెక్క వేసుకోవాలి. అమెరికా సీసాల వెనుక పట్టికలో సాధారణంగా అసలు మెగ్నీషియం అంకే ఉంటుంది. ఆహారం కాకుండా మాత్రల ద్వారా పెద్దవారు రోజుకు 350 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికాలోనే పరిమితి పెట్టారు. ఆ లెక్కన మీ మొదటి సీసాలోని ఒక్క మాత్రే హద్దు దాటుతోంది.

వీటన్నిటికంటే ముందు చూడవలసింది క్రియాటినిన్. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది మూత్రపిండాలే. అవి దెబ్బతిన్నవారిలో అది పేరుకుపోయి మగత, బీపీ పడిపోవడం, చివరికి సిస్టర్ గారు చెప్పిన ఊపిరి మందగించడం దాకా పోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత విస్తృతంగా ఉందో మనందరికీ తెలుసు. అలాంటి చోట నరాల బలానికని ఎవరైనా ఈ మాత్రలు పంచితే అది సేవ కాదు. మాత్రలే కానక్కర్లేదు, కడుపు మంటకు తాగే చాలా జెల్లుల్లో, మలబద్ధకానికి తాగే మిల్క్ ఆఫ్ మెగ్నీషియాలో ఉండేది ఇదే. మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల బలహీనత ఉన్నవారు కూడా దీనికి దూరంగా ఉండాలి, ఎందుకంటే నరం నుంచి కండరానికి అసలే బలహీనంగా అందుతున్న సంకేతాన్ని ఇది ఇంకా తగ్గిస్తుంది. ఒంట్లో నీరు తగ్గడానికి ఫ్రూసెమైడ్, బీపీకి క్లోర్‌థాలిడోన్ లాంటివి వాడేవారిది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సమస్య. వారికి మూత్రంలో మెగ్నీషియం పోతూ ఉంటుంది. మద్యం ఎక్కువగా తాగేవారికీ, అదుపులో లేని షుగరు ఉన్నవారికీ అంతే.

సమాధానం – జొన్నరొట్టె

మాత్రల చర్చలో కంచం సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దవారికి రోజుకు దాదాపు 300 నుంచి 400 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఉండేది సుమారు 20 మిల్లీగ్రాములు, ముడిబియ్యంలో 90కి పైగా, జొన్నల్లో 130, రాగుల్లో 145. అంటే మూడు పూటలా తెల్లన్నం తినే మనిషి రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకున్నా అందులో నుంచి వచ్చేది 60 మాత్రమే. ముడిబియ్యంలో ఉన్న మిగతా మెగ్నీషియం మరపట్టినప్పుడు తవుడుతో పాటు పోయి పశువుల పాలవుతుంది. తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు రోజూ రెండు పూటలా తిన్న జొన్న గటక, రొట్టెలు ఇప్పుడు షుగరు వచ్చాక డాక్టరు చెబితే మళ్ళీ మొదలుపెడుతున్నారు.

నువ్వుల్లో వంద గ్రాములకు 350 దాకా, వేరుశనగల్లో 170కి పైగా ఉంటుంది. కాబట్టి అన్నంలో కలుపుకునే నువ్వుల పొడి రెండు చెంచాలు, గుప్పెడు పల్లీలు, వంద గ్రాముల జొన్నపిండితో చేసిన రొట్టెలు కలిస్తేనే 230 దాటుతుంది. పప్పు, తోటకూర లెక్క దీనికి అదనం. గింజల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు గ్రహింపును కొంత అడ్డుకుంటాయి, మొలకెత్తించినా పులియబెట్టినా ఆ అడ్డు తగ్గుతుంది. నీటి సంగతి కూడా ఆలోచించదగ్గదే. తాగునీటిలో లీటరుకు 30 మిల్లీగ్రాముల వరకు మెగ్నీషియం ఉండవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది, ఆర్వో యంత్రం దాన్ని దాదాపు మొత్తం వడకట్టేస్తుంది. అలాగని బోరు నీళ్ళకు మళ్ళమని నేను అనను. నల్గొండ ఫ్లోరైడు చూసినవాళ్ళం ఆ మాట అనలేం. క్యాను నీళ్ళు తాగే ఇంట్లో ఆ లోటు కంచంలో తీర్చుకోవాలన్నదే నా మాట.

వైరా వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఖమ్మంలో పరీక్షలు చేయించాం. బి12 బాగా తక్కువగా ఉంది. మెగ్నీషియం 1.8, కాల్షియం, పొటాషియం, క్రియాటినిన్ మామూలుగానే ఉన్నాయి. శ్రుతిదండం పెట్టి చూస్తే బొటనవేళ్ళ దగ్గర అమ్మకు కంపనం తెలియలేదు, చీలమండ దగ్గర కొద్దిగా తెలిసింది. బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. గ్యాస్ బిళ్ళను రోజు విడిచి రోజుకు మార్చి, మంట లేకపోతే మెల్లగా ఆపేద్దామన్నారు. ఆక్సైడ్ సీసా పక్కన పెట్టించారు. రెండోది కావాలంటే కొన్నాళ్ళు వేసుకోవచ్చు, నష్టం లేదు, తప్పనిసరి మాత్రం కాదన్నారు. తమ్ముడు బాధపడతాడని అమ్మ వేసుకుంటానంటోంది! థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకోవచ్చా? పిక్కలు పట్టేయడానికి ఇంకేమైనా చేయగలమా?

సమాధానం – ఫార్మసిస్టు, వరంగల్

థైరాయిడ్ మాత్రతో కలపకండి. మెగ్నీషియం దానికి అంటుకుని పేగుల్లో గ్రహింపు తగ్గిస్తుంది కాబట్టి రెంటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. పరగడుపున థైరాయిడ్ మాత్ర, రాత్రి భోజనం తర్వాత మెగ్నీషియం అని పెట్టుకుంటే మరిచిపోయే గొడవ ఉండదు. జ్వరానికో మూత్రంలో మంటకో డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి రాస్తే ఆ కోర్సు అయ్యేదాకా మెగ్నీషియం ఆపేయడం తేలిక. ఎముకల బలానికి వారానికొకసారి వేసే అలెండ్రోనేట్ మాత్ర ఉంటే ఆ పూట దాన్ని దరిదాపుల్లోకి రానివ్వకండి.

సమాధానం – నాడీ వైద్యుడు, గుంటూరు

బి12 దొరకడం మంచిదైంది. తిమ్మిర్లు వారం పది రోజుల్లో పోవు, నెలలు పడుతుంది. మొదట్లో కొందరికి మంటలు కాస్త పెరిగినట్టు కూడా అనిపిస్తుంది, అందుకని ఇంజెక్షన్లు మానేయకండి. మెట్‌ఫార్మిన్ కొనసాగుతున్నంత కాలం ఏడాదికొకసారి బి12 చూపించండి. గ్యాస్ బిళ్ళ పూర్తిగా ఆపడం కుదరకపోతే మెగ్నీషియం కూడా ఆ జాబితాలో చేర్చండి.

పిక్కల విషయానికొస్తే, పడుకునే ముందు గోడకు ఎదురుగా చేయి చాపినంత దూరంలో నిలబడి, మడమలు నేల నుంచి లేవకుండా ముందుకు వంగి పిక్కలు సాగేలా కాసేపు ఉండమనండి. పాదాల్లో స్పర్శ తక్కువ కనుక ఎవరైనా పక్కన ఉండాలి. పట్టేసిన క్షణంలో కాలి వేళ్ళను మోకాలి వైపుకు లాగితే వదులుతుంది. నడుస్తున్నప్పుడు పిక్కల్లో నొప్పి వచ్చి ఆగితే తగ్గుతోందంటే మాత్రం అది నరం కాదు, కాలికి రక్తప్రసరణ తగ్గిందేమో చూడాలి. షుగరు ఉన్నవారిలో దాన్ని వాయిదా వేయకూడదు. పాదాలు రోజూ రాత్రి వెలుతురులో చూసుకోవడం, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోవడం ఇప్పటి నుంచే అలవాటు చేయండి.